రియాద్ బండిలో వెనిజులా ఇంజనీరు

సౌదీలో దమ్మామ్ నుంచి రియాద్‌కు పోవాలనుకునే మనవాళ్ళు రైలే ఎక్కండి. టికెట్ ఫోన్లోనే దొరుకుతుంది. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు జేబులో ఉండాలి, సామాను తనిఖీ ఉంటుంది కాబట్టి కాస్త ముందే చేరాలి. శుక్రవారం పొద్దున ఎనిమిదింటి బండికి నేనూ, రాయచోటి మస్తానూ బయలుదేరాం. మస్తాను ట్రక్కు డ్రైవరు. రియాద్‌లో మండీ బిర్యానీ తిని రావడం తప్ప మాకు వేరే పని లేదు.

ఎదురు సీట్లో గళ్ళచొక్కా పెద్దమనిషి, పేరు రఫేల్. వెనిజులాలో చమురు ఇంజనీరట. ఇప్పుడు దమ్మామ్‌లో ఏదో కంపెనీ.

హుఫూఫ్ స్టేషను దాటాక నేను ఊరుకోలేక వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టాను. "మా ఊళ్ళో బోరు ఎంత లోతు వేశామంటే, 'ఎవర్రా పైన, నెత్తిన మట్టి పడుతోంది' అని అడుగు నుంచి ఎవరో అరిచారు. నీళ్ళు మాత్రం పడలేదు. అందుకే ఇట్లా వచ్చాం."

రఫేల్ కూడా ముక్కలు ముక్కల ఇంగ్లీషులోనే అందుకున్నాడు. "మా దగ్గర ఎక్కడ తవ్వినా చమురే. అయినా బంకు ముందు రెండు రోజులు క్యూ. నా నెల జీతానికి ఒక అట్ట గుడ్లు వచ్చేవి. అంగట్లో నోట్లు లెక్కపెట్టరు, తూకం వేస్తారు."

మస్తాను తొడ చరిచాడు. "అన్నా, నీకు మొగుడు దొరికినాడు సూడు!"

నేనూ పగలబడి నవ్వాను. కోతల్లో నాతో పోటీకి దిగాడనుకున్నాను. "ఇంకోటి వదలండి సార్!"

"అధికార పార్టీ సభకు ఎర్రచొక్కా తొడుక్కుని రమ్మన్నారు. రానన్నాను. ఉద్యోగం పోయింది. నా బదులు వచ్చినవాడికి చొక్కా ఉంది, పని రాదు. బావులు ఆగాయి. డబ్బు ఆగింది. ప్రభుత్వం నోట్లు అచ్చేసుకుంటూ పోయింది."

అప్పుడు చూశాను, ఆయన కళ్ళల్లో నీళ్ళు. నాలుగేళ్ళుగా చూడని భార్య ఆ మధ్యాహ్నమే విమానం దిగుతోందట. పాస్‌పోర్టు దొరకడానికే అంతకాలం పట్టింది. టికెట్టు కోసం ఇల్లు అమ్మేశారు. ఇక్కడి అధికారులు వెనక్కి పంపితే ఆమెకు పోవడానికి చోటంటూ లేదు.

రియాద్‌లో దిగగానే మస్తాను నా చెయ్యి లాగాడు. "మండీ యాడికీ పోదులే, పా అన్నా ఆయనతో."

విమానాశ్రయానికి టాక్సీలో అరగంట పైనే. బేరం ముందే ఆడుకోండి. ప్రయాణికులు బయటికొచ్చే తలుపుల దగ్గర చాలాసేపు నిలబడ్డాం. చివరికి బక్కచిక్కిన ఆడమనిషి ఒకామె వచ్చి రఫేల్ ఎదుట ఆగింది. ఆయన పక్కకు జరిగి దారి ఇచ్చి, మళ్ళీ తలుపుల వైపే చూస్తున్నాడు. ఆమె ఆయన్ను పేరు పెట్టి పిలిచింది. ఆయన అక్కడే నేలమీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళు కోతలు కోసినవాణ్ణి, మొగుడే పెళ్ళాన్ని పోల్చుకోలేకపోయాడన్న కోత నాకెన్నడూ తోచలేదు.

సాయంత్రం బండికి నలుగురం కలిసే తిరిగొచ్చాం. కరువుకు ఊరు వదిలినవాళ్ళను చాలామందిని చూశాను, నేనే ఒకణ్ణి. కలిమి ఉన్న నేల కూడా ఖాళీ అవుతుందని మాత్రం ఈ ప్రయాణంలోనే తెలిసింది. అబ్కైక్ స్టేషను దగ్గర చీకట్లో చమురు బావుల గ్యాసు మంటలు కనబడ్డాయి. ఆమె కిటికీకి ఆనుకుని ఏదో అడిగింది.

"ఇక్కడా చమురేనా అంటోంది," అన్నాడు రఫేల్.

"అంతా చమురేనమ్మా!" అని మస్తాను సొంత ఆస్తిలాగా చేతులు చాపి చూపించాడు.

ఆమె భర్త చెయ్యి గట్టిగా పట్టుకుని ఇంకో మాట అడిగింది. రఫేల్ కిటికీ తెర దించి మాకు చెప్పాడు.

"మరి ఇక్కడి నుంచి ఎప్పుడు వెళ్ళిపోవాలి, అని."