పసుపు మడిలో లాంగ్‌జంప్

బడి బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చే వేళ. నిజామాబాద్ బస్టాండు దగ్గరి చౌరస్తాలో ట్రాఫిక్ డ్యూటీలో ఉన్నాను. జేబులో ఫోను మోగింది. ఆ వేళకు నేను ఫోను ఎత్తనని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా మా ఆయన వెంటనే మళ్లీ చేశాడు. పక్కకు వచ్చి ఎత్తాను.

"అవ్వ పోయింది," అన్నాడు.

పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, చాయ్ తాగి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుందట మా అత్తమ్మ. రైస్‌మిల్లు పనికి బయల్దేరుతూ మా ఆయన "పోయొస్త అవ్వా" అంటే పలకలేదట. కునుకు పట్టిందేమోనని దగ్గరికి వెళ్లి భుజం తట్టాడట.

చౌరస్తా కానిస్టేబుల్‌కు అప్పగించి బయల్దేరాను. బోధన్ దారిలో ఆ రోజు చెరుకు ట్రాక్టర్లు వరసగా వస్తున్నాయి. యూనిఫాం చూసి ఒక్కొక్కరూ పక్కకు తీసి దారి ఇస్తున్నారు. ఆ యూనిఫాం నా ఒంటి మీదికి ఎవరి వల్ల వచ్చిందో తలుచుకుంటూ వెళ్లాను. ఇప్పుడు ఇది రాయడం కూడా అందుకే.

అత్త అనగానే మీ కళ్ల ముందు ఒక బొమ్మ మెదులుతుంది. మా అత్తమ్మ ఆ బొమ్మకు సగం సరిపోతుంది. నోరు పదునైనది. మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. కూర బాగుంటే బాగుందనేది కాదు, ఇంకో జొన్నరొట్టె వేయమనేది. చాయ్‌లో చక్కెర వేసుకునేది కాదు. నోట్లో బెల్లం ముక్క పెట్టుకుని, దాని మీదుగా చాయ్ తాగేది. మామయ్య మా పెళ్లికి చాలా ముందే పోయాడు. బోధన్ పక్కన కాలువ కింది పొలాన్ని ఒక్కతే చేసి కొడుకును పెంచింది. దగ్గరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఊళ్లో చాలామంది చెరుకు మానేసి వరికి మళ్లారు. ఈమె మాత్రం కొంచెం చెరుకు, కొంచెం వరి, ఇంటి వెనక మడిలో పసుపు వేసేది. "అన్ని గుడ్లు ఒక్క కోడి కింద వొదుగుతయా?" అనేది.

నాది మోర్తాడ్ వైపు. డిగ్రీ చదువుతుండగానే ఎస్సై పరీక్ష రాయాలని ఉండేది. పెళ్లయింది, పాప పుట్టింది. పాప నడక నేర్చాక ఒకరోజు ధైర్యం చేసి అత్తమ్మ ముందు ఆ మాట తీశాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు.

"పోలీసు కొలువంటే ఏమున్నదే? ఎండల నిలవడుడు, మందిని తిట్టుడు. తిట్టుడు ఇంట్ల నుంచి గూడ జెయ్యొచ్చు," అంది.

మా ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ మాట అక్కడితో ముగిసిందనే అనుకున్నాను.

ఆ ఏడాది పసుపు అమ్మడానికి నిజామాబాద్ గంజ్‌కు, అంటే మార్కెట్ యార్డుకు వెళ్లాం. మా ఆయన బస్తాలతో ట్రాక్టర్ మీద ముందు వెళ్లాడు. వెనకాల ఆటోలో అత్తమ్మ, నేను. నిజామాబాద్‌లోకి వెళ్లే దారిలో రైలు గేటు పడింది. రైలు వెళ్లింది, గేటు లేచింది, కానీ ఒక్క బండీ కదల్లేదు. ఇటువాళ్లు రోడ్డంతా నింపేశారు, అటువాళ్లూ అంతే. రెండు గుంపులూ పట్టాల దగ్గర ముక్కుకు ముక్కు తగిలేలా ఎదురుపడ్డాయి. మా వెనక ఒక అంబులెన్సు సైరన్ మోగిస్తూ ఆగిపోయింది.

ఆటో నడిపే పెద్దాయన బోధన్‌వాడే. ఇంజన్ ఆపేసి, "ఇది ఇప్పట్ల కదిలేది గాదు బేటీ, ఆరామ్‌గ కూసోండి," అన్నాడు.

నేను కూర్చోలేకపోయాను. పాప పుట్టినప్పుడు నన్నూ ఇదే గేటు మీదుగా అంబులెన్సులో తీసుకొచ్చారు. చున్నీ నడుముకు కట్టుకుని దిగాను. సందు దొరికిన చోటల్లా దూరుతున్న మోటార్‌సైకిళ్లను మొదట ఆపాను. ఒక కుర్రవాడు బండి దిగకుండానే, "నువ్వెవరు సెప్పనీకి?" అన్నాడు.

"నేనెవర్నైతేంది అన్నా. గా అంబులెన్సుల ఉన్నోళ్లు మనోళ్లే అనుకో. జర వెనుకకు తియ్యి," అన్నాను.

అతను ఒకసారి వెనక్కి చూశాడు. తీశాడు. అతన్ని చూసి పక్కవాడు తీశాడు. మహారాష్ట్ర లారీ ఒకటి అడ్డంగా ఉంది, డ్రైవరుకు నా మాట అర్థం కాలేదు. చేతులతో చూపిస్తూ కొంచెం కొంచెంగా వెనక్కి పోనిచ్చాను. అవతలి వైపు నుంచి కూడా ఇద్దరు మనుషులు దిగి నాలాగే బండ్లను సర్దడం మొదలుపెట్టారు. చివరికి ఒక బండి పట్టేంత దారి పడింది. అంబులెన్సు నా పక్క నుంచి వెళ్తుంటే, లోపల కూర్చున్న ఒక ముసలామె అద్దంలోంచి నాకు దండం పెట్టింది.

తిరిగి ఆటో దగ్గరికి వచ్చేసరికి అత్తమ్మ సగం ఒళ్లు బయటికి పెట్టి చూస్తోంది. గంజ్‌లో పసుపు అమ్మి, హోటల్లో చాయ్ తాగి, తిరుగు దారి పట్టాం. బోధన్ దగ్గరపడుతుండగా అడిగింది.

"గా పరీక్షకు ఏమేం సదవాలె?"

చెప్పాను. లెక్కలు, చరిత్ర, రాజ్యాంగం, ఇంకా పరుగు, దూకుడు, గుండు విసరడం.

"మస్తున్నదిగ," అంది. కొంగు సర్దుకుంటూ, "రేపటి సంది పేడకళ్లు నేనే తీస్త. నువ్వు పుస్తకం తియ్యి," అంది.

అలా మొదలైంది. ఆమెకు చదువు రాదు. కానీ పొయ్యి దగ్గర ఆమె రొట్టెలు చేస్తుంటే నేను పైకి చదవాలి. మనసులో చదివితే ఒప్పుకునేది కాదు. "నువ్వు సదువుతున్నవో, నిద్ర వోతున్నవో నాకెట్ల తెల్వాలె?" అనేది. సమానత్వపు హక్కు గురించి చదివిన రోజు రొట్టె తిప్పడం ఆపి అడిగింది.

"అందరు సమానమేనంటివి. మరి బస్సుల ఆడోళ్ల సీట్ల మొగోళ్లెందుకు కూసుంటరు? లెవ్వుమంటే లెవ్వరెందుకు?"

ఆ హక్కును మాత్రం నేను మళ్లీ ఎప్పుడూ మరిచిపోలేదు.

తెల్లవారుజామున ట్రాక్‌ప్యాంటు వేసుకుని కాలువ గట్టు మీద పరుగెత్తేదాన్ని. ఊళ్లో మాటలు పుట్టాయి. నీళ్ల ట్యాంకు దగ్గర ఒకావిడ అత్తమ్మనే నిలదీసింది, "కోడలుకు లాగు తొడిగి ఉరికిస్తున్నవట" అని. నేను వెనకే ఉన్నాను, తల దించుకున్నాను. అత్తమ్మ బిందె చంకనెత్తుకుంటూ, "ఉరుకుతున్నది నా కోడలు. ఆయాసం నీకెందుకొస్తున్నదే?" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు నవ్వారు. ఆ అడిగినావిడ కూడా నవ్వింది.

మొదటిసారి ప్రిలిమ్స్ గట్టెక్కాను. పరుగులో నెగ్గాను. లాంగ్‌జంప్‌లో మాత్రం ప్రతిసారీ గీత తొక్కాను. తెల్ల గీత దగ్గరికి రాగానే కళ్లు దాని మీద పడేవి, అడుగు తప్పేది. అవకాశాలన్నీ అలాగే పోయాయి. మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. ఇంటికి వచ్చి గదిలో పడుకున్నాను. పాప వచ్చి లేపినా లేవలేదు. అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "ఏంట్ల తప్పినవ్?" అని అడిగింది.

"దూకుడుల."

"గంతేనా? సదువుల తప్పితే నాతోని గాకపోవు. దూకుడు ఇంట్ల నేర్సుకోవచ్చు," అంది.

ఇంటి వెనక మడిలో పసుపు తవ్వకం అప్పుడే అయిపోయింది. నేలంతా గుల్లగా, పిండిలా ఉంది. మరునాడు పొద్దున అత్తమ్మ ఆ మడిలోని రాళ్లూ కొయ్యలూ ఏరేసి, ఒక చెరుకు గడ తెచ్చి అడ్డంగా పెట్టింది. "గిక్కడికెల్లి దుంకు," అంది. నాకు సిగ్గేసి నిలబడిపోతే కొంగు బిగించి ముందు తనే దూకింది. రెండడుగులు కూడా పోకుండా కూలబడింది. మట్టిలో కూర్చునే నవ్వడం మొదలుపెట్టింది. ఎన్నో రోజుల తర్వాత నేనూ నవ్వాను. పాప వచ్చి ఆమె ఒళ్లోకి దూకింది.

"సిన్నప్పుడు కాలువలు దుంకెటోల్లం," అంది చేతులు దులుపుకుంటూ. "నీళ్ల దిక్కు సూస్తే నీళ్లల్లనే పడ్తం. అవతలి గట్టు సూడాలె."

ఆ ఒక్క మాటతో నాకు దూకడం వచ్చేసిందని చెబితే అబద్ధం. నెలల తరబడి పడ్డాను, మోకాళ్లు చీరుకుపోయాయి. నిజామాబాద్‌లో ఒక కోచ్ దగ్గర అడుగు కలపడం నేర్చుకున్నాను. ఇంటికొచ్చి ఆ మడిలో సాధన చేసేదాన్ని. నేను పడిన చోటల్లా అత్తమ్మ ఒక గడ పాతేది. వారం గడిచాక గడ ముందుకు జరిగితే ఆ పూట రొట్టె మీద వెన్న ఎక్కువ ఉండేది. మరుసటి పంటకు ఆ మడిలో పసుపు పెట్టలేదు. ఎందుకని మా ఆయన అడిగితే, "గందుల నా కోడలు మొలుస్తున్నది," అందట. ఆ మాట నాతో ఎన్నడూ అనలేదు, ఆయన చెబితే తెలిసింది.

నోటిఫికేషన్ వచ్చింది. ప్రిలిమ్స్ అయ్యాయి. గ్రౌండు పరీక్ష ముందు రోజు సాయంత్రం పాపకు జ్వరం వచ్చింది. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోతోంది. మా ఆయన మిల్లు పని మీద ఊళ్లో లేడు. నేను బూట్లు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. పోనని చెప్పబోయాను. అత్తమ్మ అప్పటికే పాపను శాలువాలో చుట్టి ఎత్తుకుంది.

"జరం జోరుగున్నది, నేను దాపెడుతలేను," అంది. "కని ఒక్క పనికి ఇద్దరెందుకు? దవాఖానకు నేను వోత. నీ పనికి నా కాళ్లు పనికిరావు, గది నువ్వే జెయ్యాలె."

ఇద్దరం ఒకే బస్సులో నిజామాబాద్ వచ్చాం. ఆమె పాపతో దవాఖాన దగ్గర దిగింది. నేను గ్రౌండు దాకా వెళ్లాను. పరుగు అయింది, గుండు విసిరాను. లాంగ్‌జంప్‌లో మొదటిసారి గీత తొక్కాను. రెండోసారి దూరం చాలలేదు. ఇక మిగిలింది ఒక్కటే. గీత వైపు చూడకుండా ఇసుక అవతల ఉన్న తెల్ల జెండా వైపు చూస్తూ పరుగెత్తాను. పడ్డాక వెంటనే లేవలేదు. కొలిచే ఆయన నా నంబరు పిలిచి "క్వాలిఫై" అన్నాకే లేచాను.

ఛాతీ మీద నంబరు కాగితం అలాగే ఉండగా దవాఖానకు పరుగెత్తాను. వార్డు బయట బల్ల మీద అత్తమ్మ, ఆమె ఒళ్లో పాప. పాప నుదుటి మీద చెమట పట్టింది, జ్వరం దిగుతోంది. అత్తమ్మ నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"అవతల పడ్డవా?"

"పడ్డ అత్తమ్మా."

"అయితే పిల్లను పట్టు. నా నడుము వోయింది," అంది. పాపను నా చేతుల్లో పెట్టి, గోడ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

మెయిన్స్‌లో కూడా నెగ్గాను. శిక్షణ కాలమంతా పాపను ఆమే చూసుకుంది. పాసింగ్ అవుట్ పరేడ్‌కు హైదరాబాద్ వచ్చింది. అయ్యాక నన్ను వెతుక్కుంటూ వచ్చి, "అందరు ఒక్క తీరుగనే ఉన్నరు. నువ్వెవరివో గుర్తువట్టలే. గందుకే అందరికి సప్పట్లు గొట్టిన," అంది. మా బ్యాచ్‌లో కొందరు ఇప్పటికీ ఫోన్‌లో ఆ మాట తలుచుకుంటారు.

కొన్నాళ్లు స్టేషన్‌లో పనిచేశాక ట్రాఫిక్ కావాలని నేనే అడిగాను. తోటివాళ్లు వింతగా చూశారు. అత్తమ్మకు చెబితే ఆశ్చర్యపోలేదు. "రోడ్డు మీద అందరు తొందరోల్లే. నువ్వొక్కదానివన్న నిమ్మళంగ ఉండు," అంది. చౌరస్తాలో ఎండ నెత్తికెక్కినప్పుడు, ఎవరైనా హారన్ మీద చెయ్యి తీయనప్పుడు ఆ మాట పనికొస్తుంది.

ఆమె దినాల నాడు ఊళ్లో ఆడవాళ్లు చాలామంది వచ్చారు. వాళ్లలో ఒక కొత్త కోడలు వంటింట్లో నా పక్కకు చేరి, ఈసారి కానిస్టేబుల్ పరీక్షకు కడుతున్నానని గుసగుసగా చెప్పింది. "మా అత్తమ్మకు ఇంక సెప్పలేదక్కా," అంది. ఆ అత్తమ్మ అప్పటికే గుమ్మంలో నిలబడి వింటోంది. "సెప్పకున్నా తెలుస్తది. బూట్లు కొనుక్కొస్తివి గద," అంది.

అత్తమ్మను తలుచుకుంటే నాకు పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం గుర్తొస్తుంది. కంటి డాక్టరుకు చూపించుకోవడానికి ఒక్కతే నిజామాబాద్ వచ్చింది. నాతో చెప్పలేదు. వాన వెలిసి ఎండ కాసింది. చౌరస్తా అవతల పండ్ల బండి పక్కన నిలబడి నన్ను చూస్తున్న మనిషి ఆమేనని నాకు చాలాసేపటికి తెలిసింది. నేను అటు కదలబోతే, నీ పని చూసుకో అన్నట్టు చెయ్యి ఊపింది. కాసేపటికి బోధన్ బస్సు ఎక్కింది.

ఆ బస్సు వచ్చి సరిగ్గా నా పక్కనే సిగ్నల్ దగ్గర ఆగింది. కిటికీ పక్క సీట్లో ఆమె. చెయ్యి చాస్తే అందేంత దూరం. అయినా నన్ను ఎరగనట్టు నిటారుగా ముందుకే చూస్తూ కూర్చుంది. డ్యూటీలో ఉన్న మనిషితో మాట్లాడకూడదని ఆమె లెక్క. పచ్చ లైటు పడింది, బస్సు కదిలింది. అప్పుడు కిటికీలోంచి ఆమె చెయ్యి బయటికి వచ్చింది, అరచెయ్యి వెనక్కి తిప్పి. నాకు పోయొస్తనని చెబుతోందో, వెనక వచ్చే బండ్లను ఆగమంటోందో తెలియలేదు. బస్సులోంచి చెయ్యి బయట పెట్టినవాళ్లను నేను ఊరికే వదలను. విజిల్ పెదవుల మధ్యే ఉంది. ఊదలేదు. బస్సు బోధన్ దారిలోకి తిరిగేదాకా పచ్చబొట్టున్న ఆ చెయ్యి తడి ఎండలో అలాగే చాచి ఉంది.