పదకొండు మంది నిలబడ్డ గోడ

నాకు ఓటు లేదు. ముందే చెప్పేస్తే మంచిది. పదమూడేళ్ళుగా మిషిగన్ రాష్ట్రంలోని నోవైలో ఉంటూ, కార్ల కంపెనీకి సాఫ్ట్‌వేర్ రాస్తూ, గ్రీన్ కార్డ్ వరసలో నిలబడి ఉన్నాను. కానీ అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి నా అంత మాట్లాడేవాడు మా చుట్టుపక్కల లేడు. శనివారం ఎవరింట్లో, తలా ఓ వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందు అయినా, ప్లేటు చేతికి రాగానే నేను మొదలుపెడతాను. మా ఆవిడ దీన్ని 'ప్రెస్ మీట్' అంటుంది.

ఈ ప్రయాణానికి కారణం మా అక్క కూతురు మేఘన. వాళ్ళది అయోవా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున ఒక చిన్న ఊరు. అప్పుడే పద్దెనిమిది నిండాయి, హైస్కూల్ ఆఖరి ఏడు. ఒకరోజు ఫోన్ చేసింది.

"మామయ్యా, డాడీ నీ మాట వింటాడు. నువ్వు వచ్చి చెప్పాలి. ప్లీజ్."

ఏం చెప్పాలంటే, తన అభ్యర్థి పక్కన నిలబడమని. ఆ అభ్యర్థిని ఏ పార్టీ పెద్దా దగ్గరకి రానివ్వడు. ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పినవాడు కాబట్టి మా ఇళ్ళల్లో అందరం 'మాస్టారు' అనేవాళ్ళం. అందరికీ వైద్యం అంటాడు, కాలేజీ అప్పులు రద్దు అంటాడు. మా గ్రీన్ కార్డ్ వరస సంగతి తేలుస్తానని కూడా ఒకసారి అన్నాడు. అలా అన్నవాడు ఆయనొక్కడే.

నిలబడడం అన్నది ఊరికే వాడిన మాట కాదు. తమ తరఫున అధ్యక్ష పదవికి ఎవరిని పోటీకి దింపాలో తేల్చుకోవడానికి అయోవాలో అప్పట్లో ఆయన పార్టీ వాళ్ళ పద్ధతే అది, కాకస్ అంటారు. సాయంత్రం ఏడింటికి పేటలో వాళ్ళంతా బళ్ళో పోగై, ఎవరికి నచ్చిన అభ్యర్థి గోడ దగ్గర వాళ్ళు నిలబడాలి. తలలు లెక్కపెడతారు. నూటికి పదిహేను మంది లేని గోడ చెల్లదు, అక్కడివాళ్ళు ఇంకో గోడకి పోవాలి. తరవాత ఆ పద్ధతి మార్చేశారు కాబట్టి, ఇది చదివి బయల్దేరేవాళ్ళకి నది కనిపిస్తుంది గాని గోడలు కనిపించవు.

ఆదివారం పొద్దున ఏడింటికి మా ఆవిడ నన్ను ఆన్ ఆర్బర్ స్టేషన్ దగ్గర దింపింది. బయట మంచు మోకాలి లోతుంది. చపాతీలూ టొమాటో పచ్చడీ ఉన్న డబ్బా చేతికిస్తూ, "వెళ్ళే పని ఒక్కటే. 'మేఘన పక్కన నిలబడు బావా' అనాలి. అంతే. ప్రెస్ మీట్ పెట్టకండి" అంది. నేనేమన్నా చిన్నపిల్లవాడినా అని విసుక్కుని రైలెక్కాను.

టికెట్ రెండు వారాల ముందే బుక్ చేస్తే చవకగా వస్తుంది, కిటికీ సీటు కూడా దొరుకుతుంది. పక్క సీట్లో రిటైరైన నర్సు ఒకావిడ స్వెటర్ అల్లుకుంటోంది. నా నోరు ఊరుకుంటుందా? మాస్టారి గురించి కదిపాను.

"ఆయన చెప్పేదంతా నిజమే. నాకైతే ఇష్టం. కానీ పల్లెటూళ్ళ వాళ్ళు వెయ్యరు కదా నాయనా" అంది అల్లిక ఆపకుండానే.

షికాగోలో దిగేసరికి నా వాచీలో పన్నెండు కావస్తోంది. అక్కడి టైము ఒక గంట వెనక, సరిచేసుకోవడం మరిచిపోకండి. తరవాతి రైలు రెండింటికి. పెద్ద హాల్లో చెక్క బెంచీల మీద కూర్చుని చపాతీలు తింటూ మా ఆవిడతో ఫోన్లో మాట్లాడుతుంటే, ఎదురు బెంచీ మీది కుర్రాడు తెలుగు విని తలెత్తాడు. నిజామాబాద్ నుంచి ఎమ్మెస్ చదవడానికి వచ్చాడట. వాడి దగ్గరా మాస్టారి మాట ఎత్తాను.

"అన్నా, మస్తు మంచోడన్నా ఆయన. గానీ గెల్వడు. బయటోణ్ణి పార్టీల పెద్దలు రానిస్తరా?"

"నీకు ఓటుందా తమ్ముడూ?"

"యాడిదన్నా, స్టూడెంట్ వీసా మీదున్న."

అయినా సరే, ఓటు లేని మేమిద్దరం కలిసి అరగంటలో యాభై రాష్ట్రాల ఫలితాలూ తేల్చేశాం. మిషిగన్ దగ్గర కాస్త గొడవపడ్డాం గాని, చివరికి రాజీకి వచ్చాం.

రెండో రైలుకి రెండంతస్తులు. పైన అద్దాల పెట్టె ఒకటి ఉంటుంది, అక్కడ ఎవరైనా కూర్చోవచ్చు. టీ మాత్రం కొనకండి. కాగితం గ్లాసులో వేడినీళ్ళు, దారం కట్టిన ఒక సంచీ, దానికి రెండు డాలర్ల పైన. కిటికీ బయట కోసేసిన మొక్కజొన్న చేలు, వాటి మీద మంచు, రెండు గంటలు చూసినా అదే. ఎదుట టోపీ పెట్టుకున్న రైతు ఒకాయన కూర్చున్నాడు. ఈయన పల్లెటూరి మనిషే కదా అని మళ్ళీ కదిపాను.

"మా ఆవిడకీ నాకూ ఆయనే నచ్చాడు. కానీ సిటీ వాళ్ళు వెయ్యరే" అన్నాడు.

పొద్దున రైల్లో సిటీ ఆవిడ మీరు వెయ్యరని చెప్పిందండీ అని నాలుక చివరిదాకా వచ్చింది. తమాషాగా ఉందే అనుకుని టీ తాగేశాను. దాన్ని తమాషా అనుకుని వదిలెయ్యడమే నేను చేసిన మొదటి తప్పు.

ఐదున్నరకి రైలు మిసిసిపీ వంతెన దాటి ఆగింది. శ్రీనివాస్ బావ జీపుతో వచ్చాడు. బావ ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు, కిందటేడే సిటిజన్ అయ్యాడు. మేఘన ఆ పూట వాలంటీర్ల మీటింగ్‌కి పోయింది. అక్క గుత్తివంకాయ వండి పెట్టింది. మారు వడ్డించుకుంటూ బావ తనంతట తనే అడిగాడు.

"ఏవోయ్ రవీ, రేపు ఎక్కడ నిలబడమంటావ్? ఈ దేశంలో నాకిదే మొదటి ఓటు. అమ్మాయి చెప్పే మాస్టారు బానే ఉన్నాడనిపిస్తోంది."

వినండి. అక్కడ 'సరే, అక్కడే నిలబడు బావా' అంటే అయిపోయేది. నాలుగు మాటలు. కానీ పదమూడేళ్ళలో, నిజంగా ఓటున్న మనిషి ఎన్నికల మీద నా అభిప్రాయం అడగడం అదే మొదటిసారి. నాకు ఛాతీ ఉబ్బిపోయింది. నిష్పాక్షికంగా ఉండాలి కదా అని, ముందు ఆయన ఎందుకు గెలవడో చెప్పడం మొదలుపెట్టాను. దక్షిణాది రాష్ట్రాలు, సబర్బుల్లో ఆడవాళ్ళు, టీవీ వాళ్ళు, చందాలిచ్చే పెద్దమనుషులు. మన దగ్గర పార్టీ అండ లేని ఇండిపెండెంట్లకి డిపాజిట్లు కూడా దక్కని సంగతి గుర్తు చేశాను. ఒక్కొక్కటీ వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాను. 'అయినా సరే ఆయనకే ఎందుకు నిలబడాలంటే' అన్న రెండో భాగానికి వచ్చేసరికి నలభై నిమిషాలైంది. బావ ఆవలించాడు.

"నువ్వు చెప్పింది కరెక్టే. ఓటు మురిగిపోతుంది. నలుగురితో పాటు నారాయణ" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

"ఇంకా అవలేదు బావా..."

"రేపు పొద్దున్నే షిఫ్టుంది నాకు" అని వెళ్ళి పడుకున్నాడు.

సోమవారం పొద్దున సిరియల్ తింటూ మేఘన అడిగింది. "మామయ్యా, డాడీకి చెప్పావా?"

"చెప్పానమ్మా" అన్నాను. అబద్ధం కాదు. చెప్పాను.

సాయంత్రం ఆరున్నరకి ముగ్గురం బడికి వెళ్ళాం. అక్కకి హాస్పిటల్ ల్యాబులో సాయంత్రం డ్యూటీ, రావడానికి లేదు. అక్కడ మనిషి కనపడకపోతే ఓటు లేనట్టే. పిల్లలు మధ్యాహ్నం భోజనం చేసే హాలది. పొట్టి బల్లలన్నీ మడిచి పక్కన పెట్టారు. నా ఛాతీ మీద 'అబ్జర్వర్' అని స్టిక్కర్ అంటించి, ఓ మూల కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరితోనూ మాట్లాడకూడదని చెప్పారు. నా జన్మలో ఎన్నికలకి అంత దగ్గరగా కూర్చున్నదీ, నోరు మూసుకుని కూర్చున్నదీ అప్పుడే.

ఏడింటికి తలుపులు వేశారు. ఎవరి గోడకి వాళ్ళు వెళ్ళండి అన్నారు. మేఘన తన గోడకి చేత్తో రాసిన అట్ట అంటించుకుని నిలబడింది. బావ హాలు మధ్యలో ఒక్క క్షణం ఆగాడు. కూతురి వంక చూశాడు, నా వంక చూశాడు, తల దించుకుని అవతలి గోడకి నడిచాడు. అది 'గెలిచేవాడి' గోడ. టీవీ వాళ్ళు రోజూ గెలుస్తాడని చెప్పే అభ్యర్థిది.

మేఘన ముఖం చూడలేకపోయాను.

మొత్తం ఎనభై మంది వచ్చారు. పన్నెండు మంది ఉంటే గోడ చెల్లుతుంది. మేఘన వేలు చూపించి లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. అవతల గోడ దగ్గర బావ పెదాలు కూడా కదులుతున్నాయి, ఆయనా లెక్కపెడుతున్నాడు. చకచకా అంగలేసుకుంటూ ఇటు బయల్దేరాడు. సభ నడిపే ఆవిడ అడ్డం వచ్చింది.

"సారీ సర్. మీ గోడ చెల్లింది. చెల్లిన గోడ వాళ్ళు మారడానికి వీల్లేదు."

"అది మా అమ్మాయి" అన్నాడు బావ.

"రూల్ సర్."

ఇంకొక్క దారి మిగిలింది. ఏడుగురే ఉన్న చిన్న గోడ ఒకటి ఉంది. అదీ చెల్లదు, వాళ్ళు ఎటైనా పోవచ్చు. మేఘన పరిగెత్తింది. ఏడుగురిలో ఒక్కరు చాలు. ఒక ముసలాయన దగ్గర చాలాసేపు నిలబడి బతిమాలింది. ఆయన దాని చెయ్యి పట్టుకుని అన్న మాట నా కుర్చీదాకా వినిపించింది.

"నీ మనిషే నాకెక్కువ ఇష్టం తల్లీ. కానీ ఈ దేశంలో మిగతావాళ్ళు ఒప్పుకోరు."

అలా అని, ఏడుగురూ వెళ్ళి గెలిచేవాడి గోడ దగ్గర నిలబడ్డారు. నేను లేవబోయి, స్టిక్కర్ గుర్తొచ్చి కూర్చున్నాను. పన్నెండో తలకాయ నా మెడ మీద ఊరికే ఉంది, దానికి లెక్క లేదు. టైము అయిపోయింది. మేఘన అట్ట పీకి, టేపు ఊడదీసి, నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుంది.

కార్లో బావే మొదలుపెట్టాడు. "మా గోడ దగ్గర ఓ అయిదారుగుర్ని అడిగానోయ్. ఆ కాండిడేట్ ఎందుకు నచ్చాడని. ఒక్కడికీ నచ్చలేదు. అందరికీ నచ్చుతాడు కదా అని వచ్చారట."

"డాడీ, నీకు ఎవరు ఇష్టం?" వెనక సీట్లోంచి మేఘన అడిగింది.

"మాస్టారే తల్లీ."

"మరి వై?"

"మామయ్య గెలవడన్నాడు కదమ్మా."

నాకు తల కొట్టేసినట్టయింది. మేఘన నా వైపు తిరిగి చూడనైనా లేదు. చూసి, తిట్టినా బావుండేది.

మంగళవారం పొద్దున స్కూలుకి వెళ్తూ అదే నన్ను స్టేషన్‌కి డ్రైవ్ చేసింది. రైలు పదిన్నరకి గాని, దాని బడి టైముకే బయల్దేరాం. కారు ఆపాక, "నీ ఓటు ఎప్పుడు వస్తది మామయ్యా?" అంది.

"తెలీదమ్మా. వరస పెద్దది."

"అప్పటి వరకు కొంచెం సైలెంట్‌గా ఉంటావా? ప్లీజ్."

కోపంగా అనలేదు. టిఫిన్ డబ్బా మర్చిపోకు అన్నంత మామూలుగా అంది. నేను తలూపాను. సంచీ తీసుకుని దిగాక, మళ్ళీ కిటికీ దించి, "చేరాక టెక్స్ట్ చెయ్యి" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ మిసిసిపీ వంతెన, మళ్ళీ అద్దాల పెట్టె, అవే చేలు. మాస్టారు గెలుస్తాడా అని నన్నిప్పుడు అడిగితే నాకు తెలియదు. ఆ బళ్ళో ఆయన గోడ చెల్లడానికి గుత్తివంకాయ ముందు నేను నోరు మూసుకుంటే సరిపోయేదని మాత్రం తెలుసు.

గేల్స్‌బర్గ్ దగ్గర ఎక్కిన ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. చేతిలో పేపరు, మొదటి పేజీలో మాస్టారి ఫొటో. అయోవాలో ఓడినా నవ్వుతున్నాడు. ఆవిడ కాసేపు దాన్ని చూసి, నా వైపు తిరిగి, "నాకైతే ఈయనే ఇష్టం. కానీ..." అంది.

"అక్కడ ఆపెయ్యండమ్మా, మీకు పుణ్యముంటుంది" అన్నాను.