చక్రాల కుర్చీలో మామయ్య

ఊరూపేరూ తెలియని వస్తువు ఏదైనా సరే, ముందు తన ఒంటిమీద ప్రయోగించి చూసుకోనిదే మా మామయ్య ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వడు. ఎవరూ వినని కంపెనీ హెల్మెట్ కొన్నప్పుడు దాన్ని పెట్టుకునే భోంచేశాడు. "అది తీసి తినండి మహానుభావా," అని అత్తయ్య మొత్తుకుంటే, "ఊపిరాడుతుందో లేదో తెలియొద్దూ?" అన్నాడు. కొత్తరకం పరుపు కోసం వెళ్లి దుకాణంలోనే నిద్రపోయాడు. షట్టర్ దించేవాడు లేపితే, "రెండోపక్కకి తిరిగి చూడాలి, కాస్త ఆగు నాయనా," అన్నాడట.

అలాంటి మనిషికి అత్తయ్య కోసం చక్రాల కుర్చీ కొనాల్సి వచ్చింది. మెట్లమీద జారిపడ్డ ఆవిడ ఇక మునుపటిలా నడవలేదని డాక్టర్ తేల్చేశాడు. దుకాణంలో ఉన్నది ఒక్కటే కుర్చీ. పెట్టె మీద మోడల్ నంబరు తప్ప ఇంకో ముక్క లేదు. ఇంటర్నెట్‌లో ఆ నంబరు వెతికితే టార్చిలైట్లు వచ్చాయి. అమ్మేవాడు, "మంచిదే అయ్యుంటుంది సార్," అన్నాడు. రిపేరు చేసేవాడు దాని చుట్టూ తిరిగి, "పాడైతే గానీ చెప్పలేనండీ," అన్నాడు.

తీరా ఇంటికి తెస్తే అత్తయ్య దానివైపు చూడనైనా లేదు. "వీధంతా అయ్యో పాపం అంటుంటే అందులో ఊరేగమంటారా? నేనీ గది దాటను," అని గోడవైపు తిరిగిపోయింది. నాలుగిళ్ల కబుర్లు వింటేగానీ పొద్దుపోని మనిషి ఆవిడ. నాకు మనసు చివుక్కుమంది.

మామయ్య మాత్రం, "ముందు పరీక్ష కానీ," అంటూ తనే ఎక్కి కూర్చుని, "తొయ్యరా," అన్నాడు. నా ఖర్మ. వారంపాటు, సాయంత్రమైతే చాలు, గుంతల్లోనూ ఎత్తుల్లోనూ ఆ భారీ మనిషిని తోశాను.

"అయ్యో, ఏమైంది అన్నయ్యగారూ?" అంది పక్కింటావిడ కళ్లొత్తుకుంటూ.

"ఏం కాలేదమ్మా. బ్రేకులు చూస్తున్నా."

వీధి చివర దర్జీ అయితే ధైర్యంగా ఉండమని చేయి పట్టుకున్నాడు. మామయ్య మర్యాదగా లేచి నిలబడి, థాంక్స్ చెప్పి, మళ్లీ కూర్చున్నాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వారం తిరిగేసరికి మమ్మల్ని ఎవరూ తలెత్తి చూడటం లేదు. మామయ్యకి పిచ్చి ముదిరిందనుకుని వదిలేశారు కాబోలు.

ఇదంతా అత్తయ్య కిటికీలోంచి చూస్తూనే ఉంది. చివరికి ఓపిక నశించి, "ఇక దిగండి. మీ బరువుకి అది విరిగేట్టుంది," అని తనే ఎక్కి కూర్చుంది.

గుండె చిక్కబట్టుకుని గేటు దాటించాను. దర్జీ కుట్టుమిషన్ దగ్గర్నుంచే, "సార్ దగ్గర బండి లాగేసుకున్నారా అమ్మా? మంచి పని చేశారు," అన్నాడు. పక్కింటావిడ, "ఇవాళ నీ వంతా వదినా?" అని నవ్వి, ఎదురింటి కబురొకటి చెవినేసింది. అయ్యో పాపం అన్నవాళ్లు ఒక్కరూ లేరు. బిగుసుకున్న అత్తయ్య భుజాలు మెల్లగా కిందికి దిగాయి. హమ్మయ్య అనుకున్నాను.

"మొత్తానికి మోడల్ పాసైందన్నమాట," అన్నాను పక్కనే నడుస్తున్న మామయ్యతో.

"అది మొదటిరోజే పాసైందిరా."

"మరి వారమంతా నాచేత ఎందుకు తోయించావు?"

మామయ్య గొంతు తగ్గించాడు. "ఈ వీధిలో ఉన్న జాలినంతా ముందు నేనే వాడేసుకుంటే, మీ అత్తయ్యకి మిగలదు కదా."

"ఆ గుసగుసలు ఇంటికెళ్లాక పెట్టుకోండి," అంది అత్తయ్య వెనక్కి తిరక్కుండానే. "ముందు నన్ను ఆ పక్కవీధికి తీసుకెళ్లండి."