తువాలు కింది బేరం

మొన్న పత్తి యార్డుకు వెళితే, వ్యాపారులంతా ఎవరి ఫోన్లో వాళ్లు ధర కొట్టేసి, కుప్పలో చెయ్యి కూడా పెట్టకుండా వెళ్లిపోవడం చూసి నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రాయచూరులో మన బేరాలు తువాలు కింద జరిగేవి. ఇద్దరి చేతుల మీదా తువాలు కప్పి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుని, చివరికి అరచేతిలో అరచెయ్యి గట్టిగా అదిమితే బేరం ఖాయం, ఇక కన్నతండ్రి వచ్చినా దాన్ని తిప్పడానికి వీల్లేదు. పక్కన నిలబడ్డవాడి మీద అనుమానంతో పుట్టిన పద్ధతి అది, మా ఇంట్లో అయితే అనుమానం ఇలవేల్పుతో సమానం.

కృష్ణ ఒడ్డున కరెంటు ప్లాంటుకు కొత్త పొగగొట్టం లేచిన రోజుల్లో మా అన్నకు రక్తంలో క్యాన్సరన్నారు. వీధివాళ్లు బూడిదను అనుమానించారు, నేను పురుగుమందును, వదిన దిష్టిని. డాక్టర్లు దేన్నీ ఒప్పుకోలేదు. నా మూలకణాలు సరిపోయాయని హైదరాబాదు ఆసుపత్రిలో తీసి అన్నకు ఎక్కించారు. ఆ కణాల సంచి మీది పేరును వదిన నర్సు చేత పదేపదే చదివించింది.

కొన్నాళ్లు బాగానే తిరిగాడు. తర్వాత తలనొప్పి మొదలై, మాట తడబడి, చివరికి పూర్తిగా పడిపోయింది. మెదడులో లింఫోమా గడ్డలన్నారు. చిన్నప్పుడే చాలామందిలో చేరి నిద్రపోయే వైరస్ ఒకటుందట, ఎక్కించిన రక్తం అన్న ఒంటి మీద తిరగబడకుండా ఇచ్చే మందులతో కాపలా సడలేసరికి అది లేచి కణాలను అదుపు లేకుండా పెంచేసిందట. ఆ కణాలు ఎవరివని వదిన అడిగింది. తమ్ముడి నుంచి వచ్చినవేనని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

మందులు మార్చినా గడ్డలు లొంగలేదు. నా రక్తంలోనే ఆ వైరస్‌ను గుర్తుపట్టి చంపే రక్షణ కణాలుంటాయని, వాటిని ఏరి అన్నకు ఎక్కించడమే మిగిలిన దారి అని ఆవిడ అనగానే వదిన లేచి నిలబడింది.

"గిదేంది డాక్టరుసాబ్, ఒకపారి ఖరాబు మాలు ఇచ్చినోని దగ్గరనే మల్ల తీస్కుంటరా? ఆడబిడ్డది తీయుండ్రి."

మా చెల్లెలిది కలవదని, అన్న ఒంట్లో ఇప్పుడు తయారయ్యేది నా రక్తమే గనక నా కణాలే సరిపోతాయని ఆవిడ ఎంత నచ్చజెప్పినా వదిన వినలేదు. ఆమెను తప్పుపట్టలేను, ఆ రోజు నా రక్తాన్ని నేనే నమ్మలేదు.

మంచం మీద అన్న అంతా వింటున్నాడు. నోరు పెగలని మనిషి మెల్లగా నా చెయ్యి పట్టి దుప్పటి కిందికి లాక్కున్నాడు. మతి తప్పి చేస్తున్నాడేమో అనుకున్నాను. వేళ్లతో తడిమి, అరచేతిలో అరచెయ్యి పెట్టి ఉన్న బలమంతా పెట్టి అదిమాడు. దుప్పటి కదలడం చూసిన వదిన వ్యాపారుల ఇంటి పిల్ల, ఏం జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గోడ వైపు తిరిగి, "ఇగ నేనేమంట," అని కూలబడింది.

కణాలు ఎక్కించాక జ్వరం కాసింది, తలనొప్పి ఇంకా పెరిగింది. లోపల పోరు నడుస్తోందని డాక్టరమ్మ అంటే, వదిన నన్ను గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. మెల్లమెల్లగా గడ్డలు కరిగాయి. ఒకరోజు అన్న నన్ను చూసి, "ఏందిరా, తిన్నవా?" అన్నాడు. బయటికొచ్చి వరండాలో ఏడ్చాను.

ఆ తర్వాత అన్న బతికినన్నాళ్లూ వదిన అనుమానం నన్ను వదల్లేదు. నేను ఎక్కడ దగ్గినా ఆమెకు కబురందేది. ఏం తిన్నావు, ఎక్కడ తిరిగావు, డాక్టరుకు చూపించుకున్నావా అని నిలదీసేది. అన్న ఒంట్లో తిరిగేది నా రక్తం కదా, ఆమె భయం ఆమెది. నేను విసుక్కునేవాణ్ణి. ముసలితనంతో అన్న పోయాడు, ఏడాది తిరక్కుండా వదినా పోయింది. ఈ చలికాలమంతా నేను దగ్గుతూనే ఉన్నాను, ఎందుకని అనుమానపడే మనిషే లేదు.