వేలు మడిచి చూపిన తిమింగలం

ఆత్మకూరు దగ్గరి గుర్వమ్మకు గొర్రెలు తెలుసు, కృష్ణా నది తెలుసు, సముద్రమే తెలియదు. పెళ్లయిన నాటి నుంచి పెనిమిటి ఐలేశంతో కలిసి మందను తోలుకుంటూ, వరి కోసిన మళ్లలో మంద పెట్టి, తల్లి చచ్చిన గొర్రెపిల్లలకు సీసాతో పాలు పట్టి బతికిన మనిషి. అండమాన్‌లో వెల్డింగు పని చేసే కొడుకు మల్లేశ్ ఇద్దరినీ చెన్నైలో ఓడ ఎక్కించి తన దగ్గరికి తీసుకుపోతున్నాడు. ఆ ఓడలో నా పడక వాళ్ల పక్కనే పడింది.

బయలుదేరే ముందు మల్లేశ్ తల్లికి ఫోన్లో తిమింగలం పిల్లకు పాలిచ్చే వీడియో చూపించాడట. అప్పటి నుంచి ఆమెకు అదే ధ్యాస.

"నీళ్లల్ల పాలెట్ల తాగుతది సారూ? కలిసిపోవా?" అని నన్నడిగింది.

నేను చాలా ఊళ్లు తిరిగాను, చాలా పుస్తకాలు తిరగేశాను. తిమి అనే పెద్ద చేపను మింగేది తిమింగిలమని పాత గ్రంథాల్లో ఉంది. మింగే సంగతి రాశారు గాని పాలిచ్చే సంగతి రాసినట్టు నా కంటపడలేదు. రాసినవాళ్లు ఆడవాళ్లనడిగి ఉండరు. ఆ మాటే అంటే గుర్వమ్మ నవ్వింది.

"మళ్లొచ్చేటప్పుడు ఇమానమంట. గీ ఓడల సూడకుంటే ఇగ సూసేది లేదు."

ప్రయాణమంతా ఓడ పై అంతస్తులో అంచు కమ్మీ పట్టుకునే నిలబడింది. తిమింగలం కనిపిస్తే వీడియో తీయాలని మల్లేశ్ ఫోను పట్టుకుని ఆ పక్కకూ ఈ పక్కకూ ఉరికాడు. ఐలేశం మాత్రం గొంగడి మీద కూర్చుని సముద్రాన్ని మేతబీడును చూసినట్టు చూస్తూ ఉండేవాడు.

చివరి రోజు పొద్దు వాలుతుంటే ఆమె చాయ్ కోసం కిందికి దిగింది. తిరిగొచ్చి పెనిమిటి మొహం చూసి ఆగిపోయింది. గొర్రె సుఖంగా ఈనిన పొద్దున ఉండే మొహం అది.

"ఏం సూసినవ్?"

"ఏం లేదు."

"అబద్ధమాడకు ముసలోడా. కనిపిచ్చిందా?"

ఐలేశం చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "తల్లీ, పిల్ల. పసిగుడ్డు."

"నన్ను పిలువకపోతివి! గిన్నొద్దుల సంది కాళ్లు గుంజంగ నిలబడ్డది ఎవలు?"

"పిలిస్తే ఓడంత ఉరికొచ్చి వేళ్లు సూపరా? గుమ్మడిపిందెకే వేలు సూపొద్దంటం. పాలు దాగే పిల్లకు దిష్టి తాకదా?"

వాళ్ల ఇళ్లలో కొత్తగా పుట్టిన పిల్లను ఎవరూ వేలెత్తి చూపరు. గుర్వమ్మ తిట్టింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన చేసింది తప్పని మాత్రం అనలేదు.

ఐలేశం లేచొచ్చి కమ్మీ దగ్గర ఆమె పక్కన నిలబడ్డాడు. పొద్దు నీళ్లను తాకే వేళకు చూపుడువేలు మడిచి, కణుపుతో ఒక దిక్కు చూపాడు. నల్లటి పెద్ద వీపు, దాన్నంటుకుని చిన్న వీపు. పెద్ద తుంపర లేచింది, వెంటనే చిన్న తుంపర. పిల్ల తల్లి కడుపు కిందికి దూరింది. తల్లి కదలకుండా తేలింది.

"సూడు, ఎట్ల నిలిచిందో," అని గుసగుసలాడింది గుర్వమ్మ. "మన గొర్రె లెక్కనే."

అంతలో మల్లేశ్ అవతలి వైపు నుంచి ఉరికొచ్చాడు.

"అమ్మా, ఏమన్న కనిపిచ్చిందా?"

"ఏడిది కొడుకా, అన్ని నీళ్లే," అంటూ ఆమె రెండు చేతులూ సముద్రం వైపు చాచి, కణతలకు ఆనించి మెటికలు విరిచింది.

"మరి మెటికలెందుకు ఇరిచినవ్?"

"తలకాయ నొస్తాంది. పో, ఇంకో చాయ్ తే."

మల్లేశ్ మెట్లు దిగాక నా వైపు తిరిగింది.

"పాలు నీళ్లల్ల కలువలే సారూ. గని, నువ్వైతే ఏం సూడలే. సమజైందా?"

"నేనేం చూడలేదమ్మా," అన్నాను.