మాటల్లేని వేషం

రామసుబ్బయ్యది కడప జిల్లా మైదుకూరు. ఒమాన్ దేశంలోని సోహార్‌లో ఏళ్ల తరబడి కంపెనీ బస్సు నడుపుతున్నాడు. నటుడైంది మాత్రం అనుకోకుండా. ఒక శుక్రవారం చేపల మార్కెట్ దగ్గర టీవీ నాటకం షూటింగు చూడబోయాడు. టీ కొట్టువాడి వేషం వెయ్యాల్సిన మనిషి ఆ రోజు రాలేదు. దర్శకుడు ఖల్ఫాన్ చుట్టూ చూసి, టీ కప్పు ఈయన చేతిలో పెట్టాడు. దాన్ని హీరో ముందు పెట్టి "తఫద్దల్" అనాలి, తీసుకోండి అని. అంతే.

ఆ ఒక్క మాట అన్న తీరు ఖల్ఫాన్‌కు నచ్చింది. అప్పట్నుంచి తోటమాలి, వాచ్‌మన్, కిరాణా కొట్టువాడు, ఏ చిన్న వేషమున్నా కబురొచ్చేది. సెలవు దొరక్కపోతే సాటి డ్రైవరు జిలాని ఆయన డ్యూటీ తాను చేసేవాడు. భార్య కాశమ్మ ఒక ఒమానీ ఇంట్లో పనిచేస్తుంది. నాటకం వచ్చినప్పుడల్లా ఆ ఇంటి ముసలమ్మ ఆమెను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేది.

పోయినేడు రామసుబ్బయ్యకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో ప్రాణం దక్కింది గానీ గొంతు పోయింది. గుసగుస తప్ప మాట రాదు.

"ఇంగ నన్నెవురు పిలుస్తారు లే," అన్నాడు కాశమ్మతో.

"మనిషివి మిగిలినావు. నాకది సాలు," అందామె.

ఆ వారమే ఖల్ఫాన్ పళ్లు తీసుకుని రూముకొచ్చాడు. "కొత్త కథలో ఒక డ్రైవరున్నాడు. యజమాని పోయాడని తెలిసి ఆ ఇంటికొస్తాడు. నువ్వే చెయ్యాలి," అన్నాడు హిందీలో.

రామసుబ్బయ్య మెడ మీది కుట్లు చూపించాడు.

"ఆ డ్రైవరూ మాట్లాడడు. అలాంటప్పుడు ఎవరు మాత్రం ఏం మాట్లాడతారు?"

షూటింగులో చనిపోయిన యజమాని తలగుడ్డ మడిచి కొడుకు చేతికివ్వాలి. మడుస్తుంటే, ఆసుపత్రి మంచం పక్కన తన లుంగీలు మడిచిపెట్టిన జిలాని కళ్లముందు కదిలాడు. మడిచిన గుడ్డ విప్పి మళ్లీ మొదట్నుంచి మడిచాడు. ఖల్ఫాన్ కెమెరా ఆపలేదు.

నాటకం వచ్చిన కొన్నాళ్లకు బురైమి ఊళ్లో పెట్రోలు బంకు దగ్గర ఒక ఒమానీ పెద్దాయన రామసుబ్బయ్యను గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు. "మా అన్న పోయినప్పుడు ఆయన డ్రైవరూ వచ్చాడు. కేరళ మనిషి. వాకిట్లోనే నిలబడి వెళ్లిపోయాడు. మేమెవరమూ లోపలికి రమ్మనలేదు. నిన్ను టీవీలో చూశాక అతని నంబరు కనుక్కుని ఫోన్ చేశాను. నీకు పుణ్యముంటుంది."

రామసుబ్బయ్య రెండు చేతులతో ఆయన చేతిని పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

సాయంత్రం ఇదంతా గుసగుసగా చెబుతుంటే, కాశమ్మ స్టవ్ ఆపి దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఆ కేరళాయన ఏమన్న్యాడంట?" అంది.

సంతోషంలో పెద్దాయన్ని ఆ మాట అడగడం రామసుబ్బయ్యకు తోచనే లేదు.