తీగ మీద తడి చీర

ఇవాళ సాయంత్రం నాచారంలో, డాబా మీది మా గదిలో, నేను రాసిన మొదటి సర్వర్ ప్రోగ్రామ్ నడిపాను. పక్కింటి రమేశన్న తన కంప్యూటర్ నుంచి ఒక్క మాట పంపాలి. అందుకే రెండు డాబాల మధ్య కేబుల్ కట్టుకున్నాం. కర్సర్ మిణుకుమంటుంటే, కిటికీలోంచి మబ్బులు చూస్తూ ఆలోచనల్లో ఎక్కడికో వెళ్లిపోయాను. మాట మాత్రం రాలేదు.

బయటికొస్తే, కింది పోర్షన్ అక్క ఆ కేబుల్ మీద తడి చీర ఆరేస్తోంది.

"అక్కా, గా తీగల నుంచి మాటలు రావాలె!"

"నా చీరకే ఆగుతయా ఏంది తమ్మీ, గా మాటలు?"

ఆగాయి మరి. చీర బరువుకు ఊడిన కేబుల్ ప్లగ్గును గదిలోకెళ్లి మళ్లీ నొక్కాను. తెరపై అక్షరాలు మెరిశాయి: "ఉన్నవా తమ్మీ?"

ఉన్నాను రమేశన్నా. చీర కూడా ఉంది, గాలికి ఊగుతూ. తీయమనబుద్ధి కాలేదు.

నాకు మొదటి మాట తడి చీర కింద నుంచి వచ్చింది; మీకొచ్చిన మొదటి మాట దేని కింద నుంచి వచ్చింది?